ఆమె తిట్టడం మానేసింది

"సార్, మా ఇంటామె నన్ను తిట్టక మూడు నెలలాయె. జర రక్తం చూడుండ్రి."

వరసలో కూర్చున్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. "నీ అంత అదృష్టవంతుడు లేడు పో" అన్నాడొకాయన. పొద్దున ఏడు కూడా కాలేదు. హైదరాబాద్‌లో అబిడ్స్ జీపీఓకి కాస్త ఎడంగా, సందులో ఉన్న మా ల్యాబ్ షట్టర్ అప్పుడే ఎత్తాం. అడిగినాయన నాకు తెలిసినవాడే. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతాడు. మా పిల్లల గైడ్లు ఆయన దగ్గరే కొన్నాను. ఆయన నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు. మాట తన గురించేనన్న ధ్యాస కూడా లేనట్టు గోడకేసి చూస్తూ కూర్చుంది.

కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యి పట్టుకున్నాను. ఏప్రిల్ నెల. బయట పొద్దున్నే ఉక్కపోస్తోంది. ఆమె శాలువా కప్పుకుంది. చెయ్యి చల్లగా ఉంది, చర్మం ఎండిన చెక్కలా గరుకుగా ఉంది.

"నిద్ర పడుతుందా అక్కా?"

"ఎంత పండుకున్నా తీరది తమ్మీ." గొంతు బొంగురుపోయి, ఒక్కో మాటా ఈడ్చుకుంటూ వచ్చింది. కాసేపాగి తనే అంది, "కోపం గూడ రాదు."

రక్తం తీసే పనిలో ఇరవై ఏళ్లు దాటాను. 'కోపం వస్తోంది' అన్నవాళ్లను వందలమందిని చూశాను. కోపం రావడం లేదని బాధపడిన మనిషిని అదే మొదటిసారి చూడటం. పసుపు మూత ట్యూబులో రక్తం పట్టి, గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేలిన సీరాన్ని మిషన్‌కిచ్చాను. మా మిషన్ టీఎస్‌హెచ్‌ని 100 దాకా లెక్కపెడుతుంది. మామూలుగా ఉండాల్సింది సుమారు 0.4 నుంచి 4 లోపు. ఆమె రిపోర్టులో '100 కంటే ఎక్కువ' అని వచ్చింది.

టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ హార్మోనేనని చాలామంది అనుకుంటారు. కాదు. అది మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి పెట్టే కేక. గొంతు దగ్గరి థైరాయిడ్ సరిగా పనిచేస్తుంటే ఆ కేక మెల్లగా ఉంటుంది. థైరాయిడ్ మందగించేకొద్దీ 'లే, పని చెయ్యి' అంటూ పెద్దదవుతుంది. అసలు హార్మోను కొద్దిగా తగ్గినా కేక ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే డాక్టర్లు ముందు దాన్నే చూస్తారు. మెదడు కణాల పనివేగాన్ని కూడా థైరాయిడ్ హార్మోనే నడిపిస్తుంది. అది అందకపోతే ఆలోచన, జ్ఞాపకం, మాట, ఉత్సాహం అన్నీ నెమ్మదిస్తాయి. చివరికి మొగుణ్ణి తిట్టే ఓపిక కూడా మిగలదు.

ఇదేం కొత్త సంగతి కాదు. 1949లో రిచర్డ్ ఆషర్ అనే లండన్ డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్లో 14 మంది రోగుల గురించి రాశాడు. అందరికీ మతిచలించిందన్నారు. తీరా చూస్తే అందరిలోనూ థైరాయిడ్ లోపమే. థైరాయిడ్ మందు ఇస్తే వాళ్లలో ఎక్కువమంది తేరుకున్నారు.

ఇళ్లలో జబ్బుకి ముందు పెట్టే పేర్లు వేరు. బద్ధకం, పొగరు, మొండితనం, గాలి సోకింది. నాంపల్లి యూసుఫైన్ దర్గా నుంచి నేరుగా మా దగ్గరికి వచ్చేవాళ్లూ ఉంటారు, చేతికి కొత్త తాయెత్తుతో. దాన్ని నేను విప్పమనను. కాస్త పైకి జరిపి, దాని కింద బెల్టు కడతాను. ఆ తాయెత్తు కట్టించినవాళ్లు కూడా ఈ మనిషి మునుపటిలా లేదని గుర్తుపట్టినవాళ్లే కదా.

హార్మోన్ల పరీక్షకి రక్తం తీయాలంటే గడియారం చూడాలి. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తెల్లవారుజామున పెరుగుతూ వచ్చి నిద్ర లేచే వేళకి ఎక్కువగా ఉంటుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. అందుకే ఎనిమిది గంటల శాంపిల్ అంటే ఎనిమిదికే తీయాలి. తల్లికి పాలు పడేలా చేసే హార్మోను ప్రొలాక్టిన్ భయపడ్డా పెరుగుతుంది. నాంపల్లి స్టేషన్లో రైలు దిగి, రొప్పుతూ వచ్చినవాళ్ల చేతికి వెంటనే సూది గుచ్చితే ఆ అంకె ఆయాసానిదో జబ్బుదో తేలదు. కాసేపు కూర్చోబెడతాను. మనసుకి వేసుకునే మందులు కొన్ని కూడా ప్రొలాక్టిన్‌ని పెంచుతాయి. అందుకే 'ఏం మందులు వాడుతున్నారు' అని అడగకుండా సూది ముట్టుకోను. ఈ అలవాటు నాకు ఊరికే రాలేదు.

ట్రూప్‌బజార్‌లో షాపున్న ఒక సేటుని కొడుకు తీసుకొచ్చాడు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట పెరిగింది, చేతులు మాత్రం సన్నబడ్డాయి. రాత్రి రెండింటికి లేచి లెక్కల పుస్తకాలు ముందేసుకుంటున్నాడట. ఎడతెగకుండా మాట్లాడతాడు, పనివాళ్ల మీదికి చెయ్యెత్తుతాడు. కార్టిసాల్ ఒంట్లో మితిమీరినవాళ్లు ఇలాగే ఉంటారు. కానీ ఎనిమిది గంటల శాంపిల్లో ఆయన కార్టిసాల్ 1 కన్నా తక్కువ వచ్చింది. ఆ వేళకి హీనపక్షం 5 పైన ఉండాలి. ట్యూబులు తారుమారయ్యాయేమోనని లేబుళ్లు రెండుసార్లు చూసుకున్నాను. మళ్లీ నడిపించినా అదే అంకె.

రిపోర్టు కోసం వచ్చిన కొడుకుని అడిగాను. డాక్టరు రాసిన మందులు కాక ఇంకేమైనా వాడుతున్నారా?

"మందులేం లేవు సార్. మోకాళ్ల నొప్పులకి ఒక పొడి, అంతే. ఆయుర్వేదం. కొరియర్లో వస్తది. చిటికెడు వేసుకుంటే గంటలో నొప్పి పోతది."

ఆ 'గంటలో' అన్న మాటతో సంగతి అర్థమైంది. ఇలాంటి పొడుల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలుపుతారు. బయటినుంచి స్టెరాయిడ్ వచ్చి పడుతుంటే పిట్యూటరీ 'చాలినంత ఉంది' అనుకుని ఊరుకుంటుంది. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు పని మానేసి నిద్రపోతాయి. మిషన్‌కి ఆ గ్రంథుల కార్టిసాల్ తెలుసు. బయటి స్టెరాయిడ్లలో కొన్నిట్ని అది గుర్తుపట్టదు. ముఖం 'ఎక్కువ' అంటుంటే మిషన్ 'లేదు' అంది, రెండూ నిజమే. "పొడి పొట్లం పట్టుకుని ఇవాళే డాక్టరు దగ్గరికి పొండి. భయపడి టక్కున మానేయకండి" అని పంపాను. ఉన్నట్టుండి ఆపేస్తే నిద్రపోయిన గ్రంథులు వెంటనే లేవవు. మనిషి నీరసించి కుప్పకూలిపోతాడు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు మందు నెలల తరబడి తగ్గిస్తూ దారికి తెచ్చారు. నిద్ర తిరిగొచ్చాక, పనివాడి మీద చెయ్యెత్తింది తనేనంటే సేటు నమ్మలేదట.

ఈ రెండూ విన్నవాళ్లకి, మనిషి గుణమంతా గ్రంథుల్లోనే ఉంది కాబోలు అనిపిస్తుంది. నాకూ కొన్నాళ్లు అలాగే అనిపించింది. ఆ భ్రమ తీర్చింది నా తప్పే.

డిగ్రీ చదివే అమ్మాయి. పరీక్షల ముందు చిరాకు, గుండెదడ, నిద్రలేమి. టీఎస్‌హెచ్ బాగా తక్కువ, అసలు థైరాయిడ్ హార్మోను టీ4 ఎక్కువ వచ్చాయి. థైరాయిడ్ మితిమీరి పనిచేస్తోందని కళ్లు మూసుకుని చెప్పగలిగే రిపోర్టు. వాళ్లమ్మ ఊపిరి పీల్చుకుంది. "అందుకేనమ్మా దీనికి ఇంత కోపం!" కానీ డాక్టరు నాడి పట్టుకుని చూస్తే నిమిషానికి 72. చేతులు వణకడం లేదు. రిపోర్టు మీద ప్రశ్నార్థకం పెట్టి వెనక్కి పంపారు. అప్పుడు అడిగాను, ముందే అడగాల్సిన మాట. జుట్టు రాలుతోందని రోజూ 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్ర వేసుకుంటోంది. కొన్ని మిషన్లలో పరీక్ష జరిగే పద్ధతికే బయోటిన్ ఆధారం. రక్తంలో అది ఎక్కువుంటే లెక్క తప్పుతుంది. మూడు రోజులు మాత్ర ఆపించి మళ్లీ తీస్తే అన్నీ మామూలే. ఆ పిల్లకున్నది పరీక్షల భయం, అంతే. అడగకుండా గుచ్చిన సూది వల్ల ఆ పిల్ల వారం రోజులు లేని రోగాన్ని మోసింది. రక్తం అబద్ధం చెప్పదంటారు. అడగనివాడికి చెబుతుంది.

పెద్దవాళ్లలో ఇలాంటి పొరపాటు చాలావరకు దిద్దుకోవచ్చు. పసివాళ్ల దగ్గర ఆ వెసులుబాటు లేదు. పుట్టుకతోనే థైరాయిడ్ పనిచేయని బిడ్డ చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. పైగా ఏడవదు, ఎక్కువసేపు నిద్రపోతుంది. "బంగారుకొండ, ఎంత బుద్ధిగా ఉందో" అని మురిసిపోతారు. మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలా చదువుకుంటుంది. నెలలు దాటితే పోయిన తెలివి పూర్తిగా తిరిగిరాదు. మన హైదరాబాద్‌లోనే 2000లో మొదలుపెట్టి, నాలుగు పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది పిల్లల మడమల నుంచి రక్తం తీసి పరీక్షించారు. డీఎన్ఏ పరీక్షల పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీకి చెందిన డాక్టర్ రాధా రమాదేవి బృందం 2004లో ఆ ఫలితాలు ప్రచురించింది. దాదాపు 1,700 మందిలో ఒకరికి ఈ లోపం ఉందని తేలింది.  పసివాళ్ల రక్తానికీ వేళ ఉంది. పుట్టగానే టీఎస్‌హెచ్ సహజంగానే ఎగసిపడుతుంది. రెండో రోజు దాటాక తీస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

పుస్తకాలాయన భార్య, డాక్టరు మాత్ర మొదలుపెట్టిన ఆరు వారాలకి మళ్లీ వచ్చింది. థైరాయిడ్ మాత్ర మోతాదు కుదిరిందో లేదో తేలడానికి ఆ మాత్రం గడువు కావాలి. టీఎస్‌హెచ్ 38. తగ్గింది, తగ్గాల్సినంత కాదు.

"మాత్ర ఎట్ల వేసుకుంటున్నవ్ అక్కా?"

"పొద్దుగాల ఛాయ్‌తోని."

అదీ సంగతి. "నీళ్లతో, పరగడుపున వేసుకో. ఛాయ్ అరగంట, గంట ఆగినాక. క్యాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటల ఎడం." రంజాన్ నెలలో ఉపవాసాలుండేవాళ్లు కూడా ఇదే అడుగుతారు. సహరీకి ముందు లేచి వేసుకోవడమో, రాత్రి పడుకునేముందు ఖాళీ కడుపున వేసుకోవడమో డాక్టరుని అడిగి ఖాయం చేసుకోమంటాను.

నాలుగు నెలల తర్వాత ఓ పొద్దున లోపల ట్యూబులకి లేబుళ్లు అంటిస్తున్నాను. బయట కౌంటర్ దగ్గర ఒకామె గొంతు ఖంగుమంటోంది. "పోయినసారి ఇంత గుంజలే గద! ఏం, రక్తం నాది, పైసలూ నావేనా?" ఎవరో కొత్త పేషెంటు అనుకుని బయటికొచ్చాను. శాలువా లేదు. గొంతుని బట్టి గుర్తుపట్టలేకపోయాను. వెనకున్న మనిషిని చూశాక తెలిసింది.

"ఏం చూస్తున్నవ్? చెప్పవేం?" అని ఆయన మీదికి తిరిగింది.

ఈసారి గోడకేసి చూస్తున్నది ఆయన. నవ్వు ఆపుకుంటున్నాడు.