మూడోసారి ఆడిన థింసా

కిందటేడు చలికాలం, అరకు సీజన్ జోరుమీదున్న రోజుల్లో, మా క్లాసువాళ్ళం కిరండూల్ రైలెక్కాం. బొర్రా గుహలు, కాఫీ తోటలు, పచ్చటి వలిసె పూలు, అన్నీ చూశాక రాత్రి బసలో మంట వేసి థింసా ఆడించారు. తుడుం మోగింది, మోరీ పలికింది. ఆడవాళ్ళు ఒకరి వీపుమీదుగా ఒకరు చేతులు వేసి మెలికలు తిరిగారు. నా ఫోన్లో వీడియో సరిగా రాలేదు. "మళ్ళీ మొదట్నించీ ఆడండి" అన్నాను. ఆడారు. మూడుసార్లు!

ఆ తరువాత లూనా పార్కు గురించి చదివాను. న్యూయార్క్ కోనీ ఐలండ్‌లోని వినోదాల పార్కు అది. 1905 సీజన్‌కి ఫిలిప్పీన్స్ కొండల్లోని బొంటోక్ ఇగొరోట్లను తెచ్చి అందులో ప్రదర్శనకు పెట్టారు. తమ ఊళ్ళో ఏ క్రతువుకో తినే కుక్కమాంసాన్ని, చూడవచ్చిన జనంకోసం వాళ్ళచేత రోజూ వండించి తినిపించారు. వాళ్ళ జీతాలు దిగమింగాడని తీసుకొచ్చిన ట్రూమన్ హంట్‌ను 1906లో అరెస్టు చేశారు.

నేనెవరి జీతమూ ఎగ్గొట్టలేదు గదా అని సర్దిచెప్పుకున్నాను. కాని మూడో ఆట ముగిశాక ఒక పెద్దావిడ ఆయాసపడుతూనే అన్న మాట నన్ను వదల్లేదు.

"బాబూ, ఇది మీకోసం ఆడినాం. మాకోసం ఆడేది చైత్ర పండక్కి. అప్పుడు రా, నువ్వూ ఆడుదువు."

చైత్రం వచ్చింది. దాంతోపాటే మా పరీక్షలూ వచ్చాయి. వెళ్ళలేదు.

ఈ ఏడు వెళ్తాను. నాకు అడుగు వేయడం రాదు. ఊరంతా చూసి నవ్వుతారు. నవ్వనీ!