సావాసం – సెల్ ఫోన్ – మన చదువు



"ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అని పెద్దలు అన్నారు. ఈ మాట నా విషయంలో నిజమైనది. మా ఇంట్ల గోండి మాట్లాడుతం. మా అవ్వ, బాపు బడికి పోలేదు. నేను 5వ తరగతిలో ఈ హాస్టల్‌కు వచ్చినప్పుడు తెలుగు పాఠం సరిగ అర్థమయ్యేది కాదు. పక్క మంచం అమ్మాయిలే నేర్పించారు. చదువుకున్నోళ్ళ ఇండ్లల్ల పిల్లలు అడిగితే అమ్మనాన్న చెప్తరు. మనకు దోస్తులే ట్యూషన్.

సెల్ ఫోన్ చెడ్డదని నేను అనను. కరోనా వల్ల 2020 సెప్టెంబర్ 1 నుండి మన రాష్ట్రంలో పాఠాలు టీవీలో, ఫోన్లలో చెప్పినారు. అప్పుడు నేను 4వ తరగతి. మా ఊర్లో ఒక్క అన్న దగ్గరే పెద్ద ఫోన్ ఉండె. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి పదిమందిమి చూసేటోళ్ళం.

మన హాస్టల్‌లో ఫోన్ లేదు. కాని దసరా సెలవుల తర్వాత ఫోన్ ముచ్చట్లు మనతోటే వచ్చినయి. స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచే ఉంటది, మాటలు మాత్రం రీల్స్ గురించి, ఎవరికి ఎన్ని లైకులు అని. ఇంట్ల ఫోన్ లేని అమ్మాయి తల వంచుకొని కూర్చుంటది. మా గదిలో ఒకామె సెలవుల్లో రాత్రి ఒంటిగంట దాక ఫోన్ చూసేదట. ఇక్కడికి వచ్చినంక రాత్రి నిద్ర రాదు, పగలు క్లాసులో కునుకు. ఎస్.ఎ.-1 లెక్కల్లో 80కి 19 వచ్చినయి. "చదువు బంద్, ఇంటికి పోయి పత్తి ఏరుత" అన్నది.

మేము ముగ్గురం పోనియ్యలేదు. రోజూ రాత్రి భోజనం అయినంక అరగంట కలిసి లెక్కలు చేస్తున్నాం. రెండు చరరాశుల సమీకరణాలు ఇప్పుడు ఆమే బోర్డు మీద మాకు చేసి చూపిస్తున్నది.

కొందరు ఫోన్ మొత్తమే బంద్ చేయాలె అంటరు. 2020 జూన్‌లో ప్రభుత్వం టిక్‌టాక్ నిషేధించింది, చూసేటోళ్ళు రీల్స్‌కు పోయిండ్రు. ఆస్ట్రేలియాలో 16 ఏళ్ళ లోపు పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్ వంటి వాటిలో ఖాతా ఉండరాదనే చట్టం 2025 డిసెంబర్ 10 నుండి అమలైంది. మన ఇండ్లల్ల ఫోన్ అన్నది, బాపుది. అటువంటి చట్టం వచ్చినా వాళ్ళ ఖాతాలోనే చూస్తం. కాబట్టి మనకు మనమే కట్టుబాటు పెట్టుకోవాలి.

మన గోదావరిఖనిలో భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకపోనియ్యరు. గ్యాస్ ఉంటే ఒక్కరి నిప్పు అందరికీ ప్రమాదం. స్టడీ అవర్ కూడ అట్లనే. ఒక్కరి ముచ్చటతో పదిమంది చదువు పోతది.

మేడం గారికి ఒక మనవి. ఆదివారం ఒక గంట కంప్యూటర్ గదిలో పాఠాల వీడియోలు చూపించండి. అందరం ఒక్కతాన కూర్చొని చూస్తం, అర్థం కానిది ఒకరికొకరం చెప్పుకుంటం.

మా లెక్కల గుంపులో ఇంక ఇద్దరికి చోటున్నది. రాత్రి భోజనం తర్వాత, వరండాలో నల్లబోర్డు దగ్గరికి రండి.

– 9వ తరగతి విద్యార్థిని