పట్టాల కింద పారే నీళ్ళు

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, తీరిగ్గా చదవండి.

ట్రైన్ సిమ్యులేటర్ అంటే కంప్యూటర్‌లో రైలు నడిపే ఆట. నాకు నడపడం కన్నా, ఆ రైలు పోయే ఊరిని తయారు చేయడం ఇష్టం. పట్టాలు, ప్లాట్‌ఫారాలు, ఇళ్ళు, చెట్లు అన్నీ మనమే పెట్టాలి. ఓపెన్ రైల్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తది. హైదరాబాద్‌లో చదువుకుంటూ, ఆదివారాలు కాచిగూడ నుంచి ఫలక్‌నుమా దాకా ఎంఎంటీఎస్ లైను చేస్తున్న. మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ... పాతబస్తీ మీదుగా పోయే లైను.

హాస్టల్ తమ్ముడు ఒకడు అడిగిండు: "అన్నా, రైలు ఆటల మోరీలు ఎవడు చూస్తడు?" నా జవాబు ఇది.

రైలు కట్ట అంటే చెరువు కట్ట లాంటిదే. అడ్డంగా పోస్తే నీళ్ళు ఆగుతయి. అందుకే పట్టాల కింద తూములు, కల్వర్టులు కడతరు. కల్వర్టు ఉందంటే అక్కడ వాగో ఒర్రెనో పారుతున్నట్టు, లేదా ఒకప్పుడు పారినట్టు. రైల్వేవాళ్ళు వంతెన మీద నంబరు రాస్తరు, నీళ్ళు ఎటు పోతయో బాణం గీస్తరు, వరద ఎంత ఎత్తు వచ్చిందో గుర్తు పెడతరు. సీనరీ చేసేటోళ్ళు చాలామంది ఇళ్ళు, స్టేషన్లు అన్నీ అయినంక చివర్ల నీళ్ళు పోస్తరు. నేను నీళ్ళతోనే మొదలుపెడత. ఎక్కడి నుంచి వస్తయి, ఎక్కడికి పోతయి అన్నది తెలిస్తే, ఇల్లు ఎక్కడ ఉండాలో, కట్ట ఎంత ఎత్తు ఉండాలో దానంతట అదే తెలుస్తది.

పనిలో ఇబ్బంది ఎక్కడంటే, ఈ సీనరీ 2001 నాటి మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ పద్ధతిలోనే నడుస్తది. నేల 8 మీటర్ల గళ్ళుగా ఉంటది. ఒక్క బిందువు కిందికి గుంజితే 16 మీటర్ల వెడల్పు గుంత పడుతది. మూసీకి అది సరిపోతది గానీ, గల్లీలో మోరీకి పనికిరాదు. నీటి మట్టం కూడా సుమారు రెండు కిలోమీటర్ల చదరం మొత్తానికి ఒకటే ఇయ్యాలి. మూలల ఎత్తు మార్చి కొంచెం వాలు ఇయ్యొచ్చు, అంతే. అందుకే నాలాను బ్లెండర్‌లో వేరే వస్తువుగా చేస్త. రెండు గోడలు, అడుగు, మధ్యల సన్నటి నీటి పట్టీ, గుంత అంచులను కప్పే గట్టు. దాన్ని తెచ్చి నేలలో దించుత.

ఆకారం మాత్రం మా గూడెం వాగు దగ్గర నేర్చుకున్నదే. మాది ఉట్నూరు దిక్కు. వాగు వంపు తిరిగిన చోట లోపలి పక్క ఇసుక మేట వేస్తది, బయటి పక్క గట్టును కోస్తది. ఎండాకాలం సన్నటి తీగ లెక్క పారినా, పడక మాత్రం వెడల్పుగానే ఉంటది. అది వానాకాలం కొలత. కొత్తగా వచ్చినోళ్ళు దాన్ని ఖాళీ జాగ అనుకుంటరు. వాగు పొంగితే బడి బందయ్యే ఊర్లో పెరిగినోళ్ళం, మనం అట్ల అనుకోం.

పాతబస్తీలో నాలా చుట్టూ గోడ కట్టినా లెక్క అదే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టిండ్రు. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ ఇళ్ళల్లకు నీళ్ళొచ్చినయి. నీళ్ళు తమ పాత తోవ మరువలే. ఆ తోవలోకి ఇళ్ళు వచ్చినయి. ఆ ఇళ్ళల్ల ఉండేది ఎక్కువగా వేరే దగ్గర జాగ కొనలేనోళ్ళే.

యాకుత్‌పురా దోస్తు ఒకడు నా స్క్రీన్ చూసి మొదట అడిగింది, "మా ఇల్లేదిరా?" అని. వాళ్ళింట్ల వరద తర్వాత స్విచ్ బోర్డు తల ఎత్తుకు పెట్టించిండ్రు. గోడ మీద నీటి చార ఇంకా కనబడుతది. నేను నాలాల చెత్త, ప్లాస్టిక్ కవర్లు వేసిన. నిజంగానే ఉంటయి కాబట్టి తీసెయ్యమనలే. "ఇవొక్కటే పెడితే మేం చెత్తల బతుకుతమనుకుంటరు. మిద్దె మీద ఆరేసిన బట్టలు పెట్టు, కరెంటు తీగకు చిక్కిన పతంగి పెట్టు" అన్నడు. పెట్టిన. గోడల మీద నీటి చార కూడా గీసిన, రైలు కిటికీలోంచి కనబడేటంత ముదురుగ.

మన గూడేలను గూడా బయటోళ్ళు ఇట్లనే గీస్తరు గదా. ఉంటే అందమైన జలపాతం, లేకుంటే పేదరికం. నీలి రంగు పోసిన నాలా ఎంత అబద్ధమో, చెత్త ఒక్కటే ఉన్న నాలా అంత అబద్ధం. నీళ్ళ కొలత సరిగ్గా తీస్తే, ఒడ్డున ఉన్న మనిషి కొలత కూడా సరిగ్గా వస్తదని నా నమ్మకం.

ఇప్పుడు ఉప్పుగూడ దాకా అయింది. మీ ఊరి దగ్గర రైలు కట్ట కింద వాగు గానీ ఒర్రె గానీ ఉంటే, ఎన్నడు ఎంత ఎత్తు వచ్చిందో పెద్దోళ్ళను అడిగి కామెంట్ల రాయండి. ఫోటో కోసం పట్టాల మీదికి మాత్రం పోకండి. తర్వాత మన దిక్కు లైను మొదలుపెడత.