తీజ్ బుట్టల వెనుక అక్కాచెల్లెళ్లు

అనంతగిరి కొండల వాలులోనూ, తాండూరు చుట్టూ నాపరాతి గనులకూ కంది చేలకూ నడుమనూ ఉన్న లంబాడీ తండాలలో శ్రావణమాసపు తీజ్ పండుగను పెళ్లికాని ఆడపిల్లలే తొమ్మిది రోజులపాటు నడుపుతారు. ఎద్దులపై ఉప్పూ ధాన్యమూ మోసుకుంటూ దేశమంతా తిరిగిన వర్తక బృందానికి ఒకప్పుడు తండా అని పేరు. ఆ సంచారం ఆగిన తరువాత అదే మాట స్థిరపడిన ఊరికి వాడుకైంది. పిల్లలు పుట్టమట్టిలో ఎరువు కలిపి బుట్టల్లో నింపి, నానబెట్టిన గోధుమలు చల్లి, పాటలు పాడుతూ పూటపూటకూ నీళ్లు పోస్తారు. ఆ మొలకలనే తీజ్ అంటారు. నానిన శనగలను రేగుముళ్లకు గుచ్చే 'బోరడి ఝష్కేరో' వేడుకలో వరసైన మగపిల్లలు ఆ కొమ్మను కదిలించి ఆటపట్టిస్తుంటే, చెయ్యి వణకకుండా గింజ గుచ్చే ఒడుపును చెల్లెలు అక్క చేతిని చూసే పట్టుకోవాలి.

ఈ పండుగలో విద్య తల్లి నుంచి కూతురికి దిగివచ్చే దానికన్నా పక్కనున్న అక్క నుంచి అందేదే ఎక్కువ, ఎందుకంటే పెళ్లయిన అమ్మాయి ఇక తీజ్ బుట్ట ఎత్తదు. ఏటా ఒక అక్క గుంపు నుంచి తొలగిపోతే, ఆమె తరువాతిది పాట ఎత్తుకుంటుంది. లంబాడీల గోర్ బోలీకి తరతరాలుగా వస్తున్న సొంత లిపి లేకపోవడంతో అక్క నుంచి చెల్లెలికి సాగే ఈ అల్లికకు మరింత విలువ కలిగింది. అమెరికాలోని చెరోకీలకు 1821 నాటికే వారిలోనే ఒకడైన సెక్వోయా తమ భాషకు అక్షరాలు కూర్చి ఇచ్చాడు గనుక వారి మాట కాగితం మీద నిలవగలిగింది. తండా పాటకు మాత్రం అక్క జ్ఞాపకమే పుస్తకం. పెళ్లినాడు పుట్టింటివారిని తలచుకొని వధువు ఏడుస్తూ పాడే 'ఢావ్లో' కూడా ఇలా వినికిడితో వచ్చినదే.

అన్నదమ్ముల పాత్ర చివరి రోజున బయటపడుతుంది. 1739లో పుట్టిన సంత్ సేవాలాల్‌ను సైతం భక్తులు 'సేవాభాయా', అంటే సేవా అన్న, అని పిలుచుకునే ఈ సమాజంలో అన్న అనే మాటకు చాలా బరువుంది. నిమజ్జనం నాడు సోదరులు అక్కచెల్లెళ్ల కాళ్లు కడుగుతారు. ఆడపిల్లలు తీజ్ మొలకలను వారి తలపాగాలలో తురుముతారు. బతుకుతెరువు కోసం హైదరాబాదుకో, ముంబయికో, పుణెకో వెళ్లిన అన్న ఆ ఒక్కరోజుకైనా తిరిగి వస్తే తలపాగా ఖాళీగా ఉండదు.

బుట్టలు నీటిలో వదిలాక పిల్లలు ఒకరినొకరు పట్టుకొని ఏడుస్తారు. ఎవరి పెళ్లి కుదిరిందో గుంపులో అందరికీ తెలుసు. మరుసటి శ్రావణానికి ఆమె అత్తవారింట ఉంటుంది. ఇన్నాళ్లూ ఆమె వెనుక బిందె మోసిన చెల్లెలు బావి దగ్గర ముందు నిలబడి, మొదటి చరణం అందుకుంటుంది.