కొండ మీది వెండి మొక్క

ఎవరింటికి వెళ్ళినా మందారమో గులాబీయో ఒక కొమ్మ తుంచుకోనిదే నాకు తోచదు. "వదిన వస్తోంది, మొక్కలు దాచుకోండి" అని మా మరిది ఆటపట్టిస్తుంటాడు. ఆ అలవాటు వల్ల ఒకసారి పరాయి దేశంలో సిగ్గుపడాల్సి వచ్చింది.

కాలిఫోర్నియాలో ఉన్న మరిది వాళ్ళింటికి 2024లో వెళ్ళాను. జూలైలో అందరం కలిసి హవాయి దీవుల్లోని మావీ చూడబోయాం. అక్కడ హలేయాకలా అనే అగ్నిపర్వతం ఉంది. ఆ పేరుకి "సూర్యుడి ఇల్లు" అని అర్థమట. ఎత్తు 10,023 అడుగులు. కింద సముద్రపొడ్డున ఉక్కపోత, పైన శాలువా కప్పుకున్నా పళ్ళు టకటకలాడాయి!

సూర్యోదయం చూసి దిగుతుంటే, ఎర్రటి బుగ్గి నేలలో వెండి గిన్నె బోర్లించినట్టు ఏదో మెరిసింది. అది సిల్వర్‌స్వోర్డ్ మొక్క. అక్కడివాళ్ళు ఆహినాహినా అంటారు. మన బంతి, చామంతి కుటుంబమే. కానీ ఈ రకం ఆ ఒక్క కొండ మీదే పెరుగుతుంది. ఆకుల మీది తెల్లటి నూగే దాన్ని ఎండ నుంచి కాపాడుతుంది. ఇరవై ఏళ్ళకో, తొంభై ఏళ్ళకో జన్మకొక్కసారి పూస్తుంది. ఆరడుగుల దాకా కాడ లేచి, వందల పూలు విచ్చుకుంటాయి. గింజలు రాలాక మొక్క చచ్చిపోతుంది.

ఒక్క ఆకు తుంచుకుంటే ఏమవుతుందిలే అని దారి దిగబోయాను. మా తోడికోడలు చటుక్కున చెయ్యి పట్టుకుంది. "అటు అడుగు వెయ్యకండక్కా! దాని వేళ్ళు పైపైనే ఉంటాయి. తొక్కితే తెగిపోతాయి."

పూర్వం కొండెక్కిన వాళ్ళంతా గుర్తుగా ఒక్కో మొక్క పీక్కుపోయేవారట. మిగిలినవి మేకలు, పశువులు మేసేవి. 1920ల నాటికి దాదాపు లేకుండా పోయే పరిస్థితి వచ్చింది. తర్వాత మొక్కలు ముట్టుకోనివ్వకుండా కాపలా పెట్టి, కంచెలు కట్టి కాపాడుకున్నారు. బాగా పెరిగాయనుకుంటుండగా, 1990ల నుంచి వానలు సరిగా లేక మళ్ళీ ఎండిపోతున్నాయి.

నేను అనుకున్న "ఒక్కటేగా" అన్న మాటే అప్పట్లో ప్రతివాళ్ళూ అనుకుని ఉంటారు. దూరం నుంచే ఒక దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చిన మర్నాడు, పూజకి పక్కింటి గోడ మీంచి వాలిన నందివర్ధనం కోయబోతే చెయ్యి ఆగింది. ఆవిణ్ణి పిలిచి అడిగాను. "ఇన్నేళ్ళుగా కోస్తూనే ఉన్నారుగా, ఇవాళ కొత్తగా అడగడమేంటండీ!" అని ఆవిడ ఒకటే నవ్వు.