రక్తంలో వెళ్ళే వార్తలు

పిల్లలూ, మీరు అన్నం తిని చెయ్యి కడుక్కుని ఆటకు పరిగెత్తుతారు. కాని ఒంట్లో అసలు పని అప్పుడే మొదలవుతుంది. అన్నం అరిగి, గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. వెంటనే జీర్ణాశయం వెనక ఉండే క్లోమం అనే గ్రంథి ఒక వార్త పంపుతుంది. ఆ వార్త పేరు ఇన్సులిన్. "చక్కెర వచ్చింది, తలుపులు తెరవండి!" అని అది కండరాలకు చెబుతుంది. "మిగిలింది దాచిపెట్టు," అని కాలేయానికి చెబుతుంది. రాత్రి కడుపు ఖాళీ అయినప్పుడు అదే క్లోమం గ్లూకగాన్ అనే మరొక వార్త పంపుతుంది. అప్పుడు కాలేయం తాను దాచిన చక్కెరను కొంచెం కొంచెంగా వదులుతుంది. అందుకే పెద్దవాళ్ళ ఒంట్లో ఇంచుమించు 5 లీటర్ల రక్తం ఉన్నా, అందులో తిరిగే చక్కెర ఒక చిన్న చెంచాడే!

ఇలాటి వార్తలన్నీ నరాల ద్వారానే వెళతాయని శాస్త్రజ్ఞులు ఒకప్పుడు అనుకునేవారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఒక పరీక్ష చేశారు. మత్తు ఇచ్చిన కుక్క చిన్న ప్రేగులో ఒక భాగానికి పోయే నరాలు కోసివేసి, అందులో ఆమ్లం పోశారు. ఐనా క్లోమం తన రసాన్ని స్రవించింది! నరాలు లేకుండా వార్త ఎలా చేరింది? రక్తంతోపాటు ప్రయాణం చేసి చేరింది. ఇటువంటి వార్తాహరులకు 1905లో స్టార్లింగ్ "హార్మోనులు" అని పేరు పెట్టాడు.

వార్త అందకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. రోగక్రిములతో పోరాడవలసిన కణాలే, నా పదకొండో ఏట, నా క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేశాయి. ఎంత తిన్నా చిక్కిపోయాను. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. రక్తం నిండా చక్కెర ఉన్నది, కండరాలు మాత్రం ఆకలితో మాడుతున్నవి. గాదె నిండా ధాన్యం ఉండి, తాళంచెవి పోయినట్టన్నమాట. "మిఠాయిలు మెక్కి తెచ్చుకున్నాడు," అన్నారు కొందరు. అది నిజం కాదు. ఈ జబ్బు మిఠాయిలవల్ల వచ్చేదీ కాదు, ఒకరినుంచి ఒకరికి అంటుకునేదీ కాదు.

ఇదే జబ్బు 1922కు ముందు వచ్చి ఉంటే నేను బతికేవాణ్ణి కాను. 1921లో కెనడాలోని టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ అనేవాళ్ళు జంతువుల క్లోమంనుంచి ఇన్సులిన్ తీశారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవాడికి దాన్ని ఎక్కించారు. మొదటి సూది అంతగా పనిచెయ్యలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మందును శుద్ధిచేసి ఇచ్చాక కుర్రవాడు కోలుకున్నాడు.

నా క్లోమం పంపలేని వార్తను ఇప్పుడు నేనే సూదితో పంపుతున్నాను. లెక్క కుదరాలి సుమా! వార్త ఎక్కువైతే చక్కెర మరీ తగ్గిపోతుంది. మీ తరగతిలోనూ ఇలా సూది వేసుకునేవారు ఉండవచ్చు. వారికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే వెంటనే పంచదార పెట్టి, మాస్టారికి చెప్పండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యక, పెద్దవాళ్ళను పిలవండి.

బడిలో నా పక్కన కూచునే మిత్రుడు రోజూ జేబులో ఒక పంచదార పొట్లం తెచ్చేవాడు. అది వాడు తినటానికి కాదు.