గుండమ్మ కథ ఎవరి కథ?

మా అమ్మని మా వీధిలో ‘గుండమ్మ’ అనేవాళ్ళు. ఎదురుగా కాదు, వెనకాల. నాన్న పోయేనాటికి ఆమెకి 36 ఏళ్ళు. ఇంట్లో రెండు వాటాలు అద్దెకిచ్చి ఆ డబ్బుతో మమ్మల్ని చదివించింది. అద్దె ఆలస్యమైతే వాళ్ళ గుమ్మంలో నిలబడి అరిచేది. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు మిగతా పిల్లలతోపాటు నేనూ నవ్వాను. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఈమధ్య క్లాసులో పాఠం చెప్పడానికి ‘గుండమ్మ కథ’ (1962) మీద వచ్చిన వ్యాసాలు కొన్ని ముందేసుకుని కూర్చున్నాను. ఎక్కువ భాగం ఒక్కచోటే మొదలయ్యాయి: ఎన్టీఆర్‌కి అది 100వ సినిమా, ఏఎన్నార్‌కి 99వది. ఇద్దరు హీరోలకీ సమానంగా పాత్రలు పంచిన చక్రపాణి నేర్పు, నరసరాజు మాటలు, పింగళి పాటలు, ఘంటసాల సంగీతం అన్నీ మెప్పు పొందాయి. సినిమాకి పేరిచ్చిన మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకటే మాట, గయ్యాళి. ఆ తర్వాత ఆడపిల్లలకి సూర్యకాంతం అని పేరు పెట్టడమే మానేశారట! ఇది ఆమె నటనకి పొగడ్త అనే రాస్తారు.

సినిమా మళ్ళీ చూశాను. నవ్వొచ్చింది, దాచుకోను. ఎన్టీఆర్ రుబ్బురోలు దగ్గర కూర్చుని మేలుకున్న ఆడవాళ్ళ గురించి పాడుతుంటే ఇప్పటికీ హాయిగానే ఉంది. సవతి కూతురు లక్ష్మిని పనిమనిషిని చేసిన గుండమ్మని నేను సమర్థించను. కానీ ఆమె భర్త లేని మనిషి. ఆస్తినీ ఇంటినీ పిల్లల్నీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది. ఆ నోరే లేకపోతే ఆ ఇల్లు ఎన్నాళ్ళు నిలిచేది? ఈ ప్రశ్న నేను చదివిన వ్యాసాల్లో ఒక్కరూ అడగలేదు. చివరికి ఆమె నోరు మూయించడానికి కథ ఇంకో గయ్యాళినే తెచ్చింది. ఛాయాదేవి వేసిన దుర్గమ్మ ఆమెని గదిలో పెట్టి తాళం వేస్తే మనం తృప్తిగా నవ్వుకుంటాం. ఆ తాళం తీయడానికి, అన్నీ ఓర్చుకున్న లక్ష్మే రావాలి.

అమ్మకిప్పుడు 78. ఆ సినిమా టీవీలో వస్తే చేస్తున్న పని ఆపి కూర్చుంటుంది. “నీకు కోపం రాదా అమ్మా?” అనడిగాను.

“కోపమెందుకే? సూర్యకాంతం లేకపోతే ఆ సినిమాలో ఏముంది?” అంది.

రాత్రి నా నోట్సు తీసి చూసుకున్నాను. నా మొదటి వాక్యం కూడా ఆ 100, 99తోనే మొదలైంది. కొట్టేశాను.